మా గూడెం ఊట: 30 నెలల పని డైరీ

మాది పాడేరు కొండల్లో 31 ఇళ్ల కొండదొర ఆదివాసీల గూడెం. మనుషులం 138 మంది. తాగే నీళ్లకు ఆధారం ఒక్కటే, గూడెం పైన రాళ్ల సందులోంచి వచ్చే ఊట. ఆ ఊటను తొట్టి కట్టి, గొట్టం వేసి కిందికి తెచ్చాం. తెచ్చాక అది వేసవిలో చిక్కిపోకుండా కొండ మీద కందకాలు తీశాం. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి విశాఖపట్నంలో సైటు పని చూస్తున్నాను. నెలకు రెండు మూడుసార్లు ఊరు వచ్చి పని చేయించాను. ఇంకో గూడెం వాళ్లు ఇదే పని మొదలుపెడితే మేము పోగొట్టుకున్న డబ్బూ రోజులూ వాళ్లకు మిగలాలని ఇది రాస్తున్నాను.

దశ 1: కొలత (2022 నవంబరు – 2023 ఏప్రిల్)

కావలసినవి 15 లీటర్ల బకెట్టు, ఫోనులోని గడియారం, అరటి దొప్ప. దొప్పను రాళ్ల మధ్య బంకమట్టితో బిగిస్తే నీళ్లన్నీ ఒకే ధారగా పడతాయి.

1. ధార కింద బకెట్టు పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి.
2. మూడుసార్లు కొలిచి, మధ్య అంకె రాసుకోవాలి.
3. ప్రతి నెలా అదే చోట, అదే బకెట్టుతో కొలవాలి.

నవంబరులో బకెట్టు 41 సెకన్లకు నిండింది. అంటే నిమిషానికి 22 లీటర్లు. ఆ అంకె చూసి ఇక నీటి కరువు లేదని ఊళ్లో అందరికీ చెప్పాను. అది తప్పు. ఏప్రిల్ 27న అదే బకెట్టు నిండడానికి 2 నిమిషాల 48 సెకన్లు పట్టింది. నిమిషానికి 5.4 లీటర్లే. రోజు మొత్తానికి 7,714 లీటర్లు. జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి. అంటే మా 138 మందికి 7,590. ఒక్క చుక్క వృథా కాకపోతేనే సరిపోతుంది.

వాన కొలవడానికి నిటారు గోడలున్న డబ్బా చాలు. గోడలు నిటారుగా ఉంటే లోపల నిలిచిన నీటి ఎత్తే మిల్లీమీటర్లలో వాన. నేను మొదట పనస చెట్టు కింద పెట్టాను. రెండు నెలల అంకెలు పనికిరాకుండా పోయాయి. చెట్టు ఎంత ఎత్తుంటే డబ్బా కనీసం అంత దూరంలో ఉండాలి.

దశ ఖర్చు: 30 మీటర్ల టేపు 350, నీటి పరీక్ష సీసాలు 300. మొత్తం రూ. 650.

దశ 2: ఊట తొట్టి, పడగొట్టి మళ్లీ కట్టినది (2023 మే – ఆగస్టు)

ఈ డైరీలో ఒక్క దశే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మేలో ఊట కన్ను (నీళ్లు బయటికి వచ్చే చోటు) చుట్టూ రాతి గోడ కట్టి, పైన బండలు కప్పాం. తొట్టిలో నీళ్లు ఎక్కువ నిలవాలని గొట్టాన్ని కన్ను కంటే 45 సెంటీమీటర్లు పైన పెట్టించాను. పునాదికి గునపం వేస్తుంటే తాత ఒకాయన వచ్చి చాలాసేపు నిలబడి చూశాడు. "అమ్మా, దాని నోరు మూస్తున్నావు. అది ఇంకో నోరు తెరుస్తుంది" అన్నాడు. నేను చదువుకున్నదాన్ని కదా, తల ఊపి పని కానిచ్చాను.

జూన్ చివర్లో వానలు పడ్డాయి. ఊట పెరగాలి. జులై 9న తొట్టి గొట్టం దగ్గర కొలిస్తే నిమిషానికి 9 లీటర్లే వచ్చాయి. ముందు ఏడాది జులైలో కొలత లేదు కాబట్టి పోల్చడానికి ఏమీ లేదు. కానీ తొట్టికి 12 మీటర్ల దిగువన, పిన్ని వాళ్ల పసుపు చేను గట్టు తడిగా ఉందని పిల్లలు చెప్పారు. వెళ్లి చూస్తే గట్టు అడుగు నుంచి కొత్తగా నీళ్లు కారుతున్నాయి. పసుపు మొక్కల మొదళ్లు కుళ్లడం మొదలైంది.

జరిగింది ఇది. తొట్టిలో నీళ్లు కన్ను కంటే పైకి నిలిస్తే, ఆ నీటి బరువు ఊటను వెనక్కి నెడుతుంది. కొండ లోపలి నీళ్లు అంతకంటే తేలికైన దారి వెతుక్కుంటాయి. అలా ఒకసారి దారి మారిన ఊట కొన్నిసార్లు తిరిగి రాదు. మాకు వచ్చింది. ఆగస్టులో వాన లేకపోవడం వల్ల పని చేసే వీలు దొరికింది. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తానికి 2023 ఆగస్టే అన్నిటికంటే పొడి ఆగస్టు. వరి మడులు బీటలు వారిన ఆ నెలలోనే మేం గోడ పగలగొట్టాం.

రెండోసారి కట్టిన పద్ధతి:

1. కన్నును తవ్వలేదు, లోతు చేయలేదు. చుట్టూ ఉన్న బురద మాత్రం చేత్తో తీశాం.
2. కన్ను ముందు కడిగిన గులకరాళ్లు పేర్చాం.
3. గూడేనికి వెళ్లే గొట్టాన్ని కన్ను కంటే ఒక బెత్తెడు కిందికి పెట్టాం.
4. పొంగి పోయే నీళ్లకు 110 మిల్లీమీటర్ల గొట్టం వేసి, అదీ కన్ను మట్టానికి కిందే ఉంచాం. ఎంత వాన వచ్చినా తొట్టి నీళ్లు కన్నును మించకూడదు.
5. ఆ గొట్టం మూతికి ఇనుప జాలీ బిగించాం.

తొమ్మిది రోజులకు పసుపు గట్టు ఆరింది. సెప్టెంబరు 3న తొట్టి దగ్గర నిమిషానికి 17 లీటర్లు వచ్చాయి. పిన్నికి ఆ ఏడు పసుపు పావు వంతు పోయింది. ఊరు నష్టం కట్టి ఇస్తామంటే తీసుకోలేదు. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

తర్వాత పీత. తొట్టి నీళ్లు రాత్రికి రాత్రి దిగిపోతుంటే గోడ మొదలు వెతికాం. గోడకూ గట్టుకూ మధ్య బంకమట్టిలో రెండు వేళ్లు పట్టే బొరియ ఉంది. లోపల మట్టిరంగు పీత, డెక్కలు ముందుకు పెట్టి కూర్చుంది. మట్టి కూరి మూశాం. నాలుగు రోజులకు పక్కనే ఇంకో బొరియ. చంపొద్దని పెద్దలు గట్టిగా చెప్పారు. పీత ఉన్న ఊట ఎండదని వాళ్ల నమ్మకం. ఏడాది పొడుగునా తేమ లేనిచోట పీత ఉండలేదు కాబట్టి ఆ నమ్మకంలో నిజముంది. బంకమట్టిని గోడ లోపలివైపే ఉంచి, బయటివైపు మట్టి తీసేసి వదులుగా రాళ్లు పేర్చాం. పీతలు ఆ రాళ్లలోకి మారాయి. ఆ తర్వాత గోడ కారలేదు.

దశ ఖర్చు: మొదటిసారి సిమెంటు 14 బస్తాలు 5,460, జీపు రెండు ట్రిప్పులు 3,000, మేస్త్రీ నాలుగు రోజులు 3,600. రెండోసారి సిమెంటు 5 బస్తాలు 1,950, మేస్త్రీ రెండు రోజులు 1,800, గొట్టం 640. కలిపి 16,450.
ఇప్పటివరకు: రూ. 17,100. శ్రమదానం 38 పనిదినాలు.

దశ 3: గొట్టం (2023 అక్టోబరు – 2024 మార్చి)

తొట్టి నుంచి గూడేనికి 640 మీటర్లు. మేస్త్రీలు మట్టం చూసుకునే 20 మీటర్ల పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, కొంత కొంత దూరం చొప్పున కొలుచుకుంటూ దిగాం. మొత్తం పల్లం 22 మీటర్లు. మోటారు అక్కర్లేదు. 32 మిల్లీమీటర్ల నల్ల పాలిథీన్ గొట్టం సరిపోతుంది.

వేసిన రోజు పైన నీళ్లు వదిలితే కింద చుక్క రాలేదు. ఎక్కడా కారడం లేదు, గొట్టం పగల్లేదు. మొత్తం పల్లమే చూశాను కానీ మధ్యలో గొట్టం ఎక్కడ ఎక్కి దిగుతుందో చూడలేదు. 210 మీటర్ల దగ్గర ఒక గూను, 430 దగ్గర ఇంకోటి. రెండోది దాని ముందు పల్లం కంటే 1.4 మీటర్లు ఎత్తు. ఆ గూనుల్లో గాలి చేరి నీళ్లను ఆపేసింది.

1. 210 దగ్గర నేల తవ్వి గొట్టాన్ని దింపాం. గూను పోయింది.
2. 430 దగ్గర బండ ఉంది, తవ్వలేం. గూను నెత్తిన టీ జాయింటు వేసి చిన్న కుళాయి పెట్టాం.
3. నీళ్లు ఆగినప్పుడల్లా ఆ కుళాయి తిప్పాలి. బుస్సుమని గాలి పోయి, నీళ్లు చిమ్మగానే కట్టేయాలి.

అరవై సెంటీమీటర్ల లోతున పూడ్చాలని ముందే అనుకున్నాం. కోతలు వచ్చి చివరి భాగం అలాగే నేల మీద ఉండిపోయింది. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకు మా మడుల్లో కోసి పరిచిన వరి పనలు మొలకెత్తాయి. ఆ నెలంతా ఎవరి చేతులూ ఖాళీ లేవు. మార్చిలో పోడు తుప్పలకు పెట్టిన నిప్పు గాలికి ఇటు తిరిగింది. పూడ్చని గొట్టం 18 మీటర్లు కరిగిపోయింది. మిగిలింది వారంలో పూడ్చేశాం.

దశ ఖర్చు: గొట్టం 640 మీటర్లు 25,600, జాయింట్లు, కుళాయిలు 2,300, కాలిన భాగానికి 1,000. కలిపి 28,900.
ఇప్పటివరకు: రూ. 46,000. శ్రమదానం 118 పనిదినాలు.

దశ 4: ట్యాంకు, నల్లబడ్డ సీసా (2024 జనవరి – మే)

జనవరిలో ఊట బలంగా ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకు కొన్నాను. నా తలలో ఇంకా ఆ నవంబరు అంకే ఉంది. వేసవి రాత్రి లెక్క వేసుకుంటే తప్పు తెలిసేది. నిమిషానికి 5.4 లీటర్ల చొప్పున రాత్రి 8కి ఖాళీ అయిన ట్యాంకు 11 దాటగానే నిండుతుంది. అక్కడి నుంచి తెల్లవారి 5 దాకా వచ్చే దాదాపు 1,900 లీటర్లు గెడ్డ (కొండ వాగు)లోకి పోతాయి. పొద్దున 31 ఇళ్ల బిందెలు ఒకేసారి వస్తే 7 లోపే కుళాయి ఆగిపోతుంది. మార్చిలో సరిగ్గా ఇదే జరిగింది. వెనక నిలబడ్డ వదిన ఒకామె ఖాళీ బిందెతో మళ్లీ పాత దారిన కొండెక్కింది. ఏప్రిల్‌లో రెండు వేల లీటర్ల ట్యాంకులు రెండు తెచ్చి, మూడింటినీ అడుగున గొట్టంతో కలిపాం.

నీటి పరీక్షకు వాడింది పొడి వేసి ఉండే చిన్న గాజు సీసా. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ట్యాంకు నీళ్లు పోసిన సీసా మర్నాటికే నల్లబడింది. ఒక్కచోట పరీక్షించి వదిలేయకండి, మూడుచోట్ల పరీక్షించండి. కన్ను దగ్గర పట్టిన నీళ్లు తేటగా ఉన్నాయి. తొట్టిలోవి నల్లబడ్డాయి. ట్యాంకువీ నల్లబడ్డాయి. అంటే లోపం తొట్టి దగ్గరే. పైన పశువులు పడుకునే చదును ఉంది. వాన పడితే అక్కడి పేడ నీళ్లు కప్పు బండల సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. తొట్టికి ఆరు మీటర్ల పైన అర్ధచంద్రాకారంలో మళ్లింపు కాలువ తీశాం. బండల సందులు సిమెంటుతో పూడ్చాం. చుట్టూ ముళ్లకంప వేశాం. తొట్టి, ట్యాంకులు బ్లీచింగ్ నీళ్లతో కడిగాం. తర్వాతి మూడు సీసాలూ తేటగానే ఉన్నాయి.

దశ ఖర్చు: ట్యాంకులు 31,200, రవాణా 1,800, అరుగుకు సిమెంటు 2,340, కుళాయిలు 1,460. కలిపి 36,800.
ఇప్పటివరకు: రూ. 82,800. శ్రమదానం 127 పనిదినాలు.

దశ 5: తప్పు వాలు మీద 44 కందకాలు (2023 జూన్ – 2024 ఏప్రిల్)

గొట్టం, తొట్టి ఉన్న నీళ్లను తెస్తాయి, నీళ్లను పుట్టించవు. మృగశిర కార్తెలో సామలు, చోళ్లు చల్లితే వాన తనంతట తాను వచ్చేదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు వాన రోజులు తక్కువ, పడితే కుండపోత. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలయ్యాయని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయనతో పనిచేసినవారు 2017లో తేల్చారు. అలాంటి వాన కొండలోకి ఇంకదు, జారిపోతుంది. పోడు చేశాక నేలను వదిలే విరామం తగ్గి కొండ బోడిగా మారడమూ కారణమే. అది మా వైపు తప్పు, ఒప్పుకుంటున్నాం. కానీ పోడు ఒక్కదాని మీదే నెపం వేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఒకే మట్టంలో కందకం తీయడానికి ఇంగ్లీషు ‘A’ ఆకారంలో ఒక ఫ్రేము చేసుకున్నాం:

1. ఆరడుగుల వెదురు కర్రలు రెండు నెత్తి దగ్గర, నడుమ ఒక అడ్డకర్ర, తాళ్లతో బిగించాలి.
2. నెత్తి నుంచి తాడుకు రాయి కట్టి వేలాడదీయాలి.
3. కాళ్లు రెండు గుర్తుల మీద పెట్టి తాడు అడ్డకర్రను తాకిన చోట గీత గీయాలి. కాళ్లు అటూఇటూ మార్చి మళ్లీ గీయాలి. రెండు గీతల నడుమ చోటే సరి మట్టం.

ఊటకు సూటిగా పైన ఉన్న పడమటి వాలు మీద 44 కందకాలు తీశాం. ఒక్కోటి మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. అంటే ఒక్కోదానిలో 750 లీటర్లు, మొత్తం 33,000.

2024 ఏప్రిల్ 27న బకెట్టు 2 నిమిషాల 53 సెకన్లకు నిండింది. నిమిషానికి 5.2 లీటర్లు. ముందు ఏడాది కంటే తక్కువ. మనిషికి 55 లీటర్ల లెక్కకు ఆ రోజు 99 లీటర్లు లోటు. ఆ సాయంత్రం మా ఆదివాసీల చైత్ర మాసపు ఇటుకల పండుగ డప్పులు వినిపిస్తుంటే ఊట దగ్గరే చీకటి పడేదాకా కూర్చున్నాను.

దశ 6: అవతలి కొండ (2024 మే – అక్టోబరు)

"నీళ్లు ఇటు నుంచి రావమ్మా, సూర్యుడు పొడిచే వైపు నుంచి వస్తాయి" అని మొదట్లో హెచ్చరించిన తాతే మళ్లీ చెప్పాడు. ఆయన చిన్నప్పుడు అవతలి వాలు మీద అడవి నరికిన రెండేళ్లకు ఈ ఊట సన్నబడిందట. ఈసారి విన్నాను.

గెడ్డ కోసిన చోట రాతి పొరలు బయటికి కనిపిస్తాయి. మావి ఖోండలైట్ రాళ్లు. ఎర్రగా, చారలు చారలుగా, పొరల వెంట చివికిపోతుంటాయి. చార మీద కర్ర ఆనించి, కర్ర మీద ఫోను పెట్టి వంపు చూశాను. నాలుగు చోట్ల 35 నుంచి 42 డిగ్రీలు వచ్చింది. నాలుగూ పడమటికే వాలి ఉన్నాయి. పడమటి వాలు మీద పొరలు పెంకుల కప్పులా వాలుతో పాటే పడుకుని ఉన్నాయి, వాన వాటి మీద జారిపోతుంది. తూర్పు వాలు మీద పొరల అంచులు తెరుచుకుని ఉన్నాయి. అక్కడ పడ్డ వాన అంచుల్లోంచి దిగి, పొరల మధ్యగా నడిచి, పడమట మా ఊటగా వస్తుంది. కందకం తీసేముందు రాయి వంపు చూడాలని నేను తెలుసుకున్నది 44 కందకాలు తవ్వించాక.

తూర్పు వాలు పక్క గూడెం వాళ్లది. అటవీ హక్కుల పట్టాలున్న కాఫీ తోటలు. మొదటి సమావేశంలో వాళ్ల పెద్ద సూటిగా అడిగాడు. "మా నేల తవ్వితే మీకు నీళ్లు. మాకేమిటి?" న్యాయమైన ప్రశ్న. రెండో సమావేశంలో ఒప్పందం కుదిరింది. కందకాలు తోట గట్ల వెంటే తీయాలి, కాఫీ వేళ్లు తెగకూడదు, వాళ్ల ఊటకు తొట్టి కట్టే పనికి మా గూడెం నుంచి ఇంటికొకరు రెండు రోజులు రావాలి. మే నెలలో 62 కందకాలు తీశాం. 46,500 లీటర్లు.

జూన్‌లో గట్ల మీద నేరేడు, ఉసిరి మొక్కలు 120 నాటాం. మేకలు తిన్నాయి. సెప్టెంబరుకు మిగిలినవి 37. ఖాళీ అయిన చోట్ల మహిళా సంఘం వాళ్లు కొండచీపురు పిలకలు నాటారు. గట్టును పట్టి ఉంచుతుంది, చీపుర్లు సంతలో అమ్ముడుపోతాయి. మొదటి ఏడాది కాపలా కాయాలి, లేత ఆకును పశువులు వదలవు.

సెప్టెంబరు రెండో వారం వాయుగుండానికి ఏజెన్సీలో కొండచరియలు విరిగిపడ్డాయి. మా డబ్బాలో ఒక్కరోజే 118 మిల్లీమీటర్లు. పడమటి వాలు మీది పాత కందకాల్లో తొమ్మిది తెగాయి. ఒకదాని కింద ఒకటి సూటిగా తీయడంతో పైది తెగి కిందిదాన్ని తెంపింది, నడుమ మోకాలి లోతు గండి పడింది. తూర్పున పై వరుస ఖాళీల కింద కింది వరుస కందకాలు వచ్చేలా ఎడం మార్చి తీశాం. అక్కడ ఒక్కటీ తెగలేదు. గండికి రాళ్ల అడ్డుకట్టలు వేసి, తొమ్మిదింటినీ పూడ్చేశాం.

దశ 5, 6 ఖర్చు: గునపాలు, పారలు 3,200, మొక్కలు 1,800. కలిపి 5,000.
మొత్తం: రూ. 87,800. శ్రమదానం 233 పనిదినాలు.
వచ్చిన దారి: ఇంటికి 500 చొప్పున 15,500, డ్వాక్రా సంఘం అప్పు 40,000, నాతో పనిచేసేవాళ్లు ఇచ్చినది 32,300.

దశ 7: అంకెలు (2025 ఏప్రిల్ – మే)

ఏప్రిల్ 27. బకెట్టు 2 నిమిషాల 12 సెకన్లు. నిమిషానికి 6.8 లీటర్లు, రోజుకు 9,818.

ఇది కందకాల వల్లేనని చెప్పడానికి వీల్లేదు, వాన కూడా తోడై ఉండవచ్చు. అందుకే ఏ పనీ చేయని ఇంకో ఊటను 2023 నుంచీ అదే బకెట్టుతో కొలుస్తున్నాను. మీరూ మొదటి రోజు నుంచే అలాంటిది ఒకటి ఎంచుకోండి.

మా ఊట: 5.4, 5.2, 6.8.
ముట్టని ఊట: 3.1, 3.0, 3.3.

చివరి ఏడాదిలో ముట్టనిది పదో వంతు పెరిగింది, మాది 31 శాతం. ఆ తేడాలో ఎంతో కొంత తూర్పు కందకాలదని నమ్ముతున్నాను. ఇంకో రెండు వేసవులు కొలిస్తే గానీ గట్టిగా చెప్పను.

మే 11. పక్క గూడెం ఊటకు తొట్టి పని మొదలైంది. మా వాళ్లు ఇంటికొకరు వెళ్లారు. గొట్టం ఎక్కడ పెట్టాలో చూపించడానికి తాతను జీపులో తీసుకెళ్లాం. ఆయన కన్ను మట్టానికి చేయి పెట్టి, దానికి బెత్తెడు కింద గోడ మీద బొగ్గుతో గీత గీశాడు.

మే 18. 430 మీటర్ల దగ్గరి గాలి కుళాయి కారుతోంది. వాషరు మార్చాలి. తూర్పు కందకాల్లో 14 పూడిక పట్టాయి, తొలకరికి ముందు తీయాలి. డ్వాక్రా అప్పులో 22,000 మిగిలింది.